డిస్క్ కనపడటం లేదండీ!

మీరు జావా రాసేవారైనా, డేటాబేసులు కాసేవారైనా, మేనేజరై పదేళ్ళుగా ఎక్సెల్ తప్ప ఇంకోటి ముట్టుకోనివారైనా సరే, చుట్టాల దృష్టిలో మీరు "కంప్యూటర్లు తెలిసినవాళ్ళు". కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు, సాధారణంగా శనివారం సాయంత్రం భోజనాలకి పిలిచిన చోట, ఎవరో ఒకరు మీ చేతిలో ఒక నల్లడబ్బా పెట్టి "డిస్క్ కనపడటం లేదండీ, కాస్త చూస్తారా" అంటారు. మిస్సిసాగాలో నాకిది నెలకోసారైనా తప్పదు. డల్లస్‌లోనో సిడ్నీలోనో ఉన్న మీకూ తప్పదనే నా అనుమానం. అందుకే ఈసారి వ్యాసం దీని మీద.

అసలు "కనపడటం లేదు" అన్న మాటలోనే ఉంది చిక్కంతా. ఎవరికి కనపడటం లేదు? కరెంటే అందక డిస్క్ తిరగకపోవచ్చు. తిరుగుతున్నా బయోస్‌కి కనపడకపోవచ్చు. బయోస్‌కి కనపడినా విండోస్‌కి కనపడకపోవచ్చు. విండోస్‌కి కనపడినా ఎక్స్‌ప్లోరర్‌లో డ్రైవ్ అక్షరం రాకపోవచ్చు. ఇవి నాలుగు వేరు వేరు జబ్బులు. వీటన్నిటికీ మనవాళ్ళు చేసే వైద్యం మాత్రం ఒకటే: ఊడదీసి పెట్టడం, మళ్ళీ ఊడదీసి మళ్ళీ పెట్టడం. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌కి దీనివల్ల వచ్చే నష్టం లేదు గానీ, చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కి ఒక్కోసారి ఆ పదోసారి పెట్టడమే ఆఖరుది అవుతుంది.

అందుకని నేను డబ్బా చేతిలోకి తీసుకోకముందే ఒక ప్రశ్న అడుగుతాను. "ఇందులో ఉన్నది ఇంకెక్కడైనా ఉందా?" ఉందంటే ఇక భయం లేదు, ఎన్ని ప్రయోగాలైనా చెయ్యచ్చు. లేదంటే మాత్రం ప్రతి అడుగూ ఆలోచించి వెయ్యాలి. ఈ ప్రశ్నకి జవాబుగా ఒక నిమిషం మౌనం వచ్చిందంటే, లేదనే అర్థం.

సరే, మొదటి పరీక్షకి ఏ సాఫ్ట్‌వేరూ అక్కరలేదు, చెవి చాలు. డిస్క్‌ని బల్ల మీద పెట్టి, కరెంటిచ్చి, చెవి దగ్గర పెట్టి వినండి. సన్నగా గిర్రున తిరిగే శబ్దం వచ్చి, తర్వాత చిన్నగా కదిలిన చప్పుడు వస్తే మంచిదే. ఏ శబ్దమూ లేకపోతే కరెంటు సమస్య. టక్ టక్ టక్ అని లయగా కొట్టుకుంటూ ఉంటే లోపల హెడ్లు తమ దారి తాము చదువుకోలేకపోతున్నాయని అర్థం. బీప్ బీప్ అని సన్నగా మూలిగితే మోటారు తిరగాలని చూసి తిరగలేకపోతోంది. ఈ చివరి రెండు శబ్దాలూ వింటే, డేటా ముఖ్యమైనదైతే, అక్కడితో ఆపెయ్యండి.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. జేబులో పట్టే 2.5 అంగుళాల డిస్కులు యూఎస్‌బీ నుంచే కరెంటు తాగుతాయి. పాత యూఎస్‌బీ 2 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900. తిరగడం మొదలుపెట్టే ఆ ఒకటి రెండు సెకన్లలో డిస్క్‌కి అంతకంటే ఎక్కువ కావలసి రావచ్చు. మానిటర్ వెనకాల ఉన్న హబ్‌కో, కీబోర్డు పక్కన ఉన్న పోర్టుకో తగిలిస్తే అది లేవలేక టక్కుటక్కుమంటుంది. కేబుల్ మార్చి, డెస్క్‌టాప్ వెనకవైపు పోర్టులో నేరుగా పెడితే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. నా దగ్గరకొచ్చినవాటిలో కేబుల్ మార్చగానే లేచి కూచున్నవి చాలా ఉన్నాయి. అప్పుడు అవతలివాళ్ళు మనకేసి చూసే చూపు చూడాలి, మనమేదో సంజీవిని తెచ్చినట్టు!

డెస్క్‌టాప్‌లో లోపల బిగించే డిస్కులకీ ఇలాంటి మాయలే ఉన్నాయి. సాటా కేబుల్ వదులవడం అందరికీ తెలిసిందే. తెలియనిది ఇంకోటుంది. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణంలో కరెంటు కనెక్టర్‌లోని మూడో పిన్నుకి కొత్త పని అప్పజెప్పారు. ఆ పిన్నుకి 3.3 వోల్టులు అందితే డిస్క్ ఆగిపోవాలి అని. పెద్ద పెద్ద డేటా సెంటర్లలో మొండికేసిన డిస్క్‌ని దూరం నుంచే ఆపి మళ్ళీ లేపడానికి ఇది పనికొస్తుంది. మన ఇళ్ళల్లోని పాత పవర్ సప్లైలు ఆ పిన్నుకి ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. దాంతో బ్లాక్ ఫ్రైడేకి చవగ్గా కొన్న ఎక్స్‌టర్నల్ డబ్బా విప్పి, లోపలి డిస్క్ తీసి డెస్క్‌టాప్‌లో బిగించిన ఆసామికి అది అసలు తిరగనే తిరగదు. పాడైందనుకుని వెనక్కి పంపించేవాళ్ళూ ఉన్నారు. మూడో పిన్ను మీద చిన్న కాప్టన్ టేపు ముక్క అంటిస్తే చాలు, లేస్తుంది.

ఇక రెండో మెట్టు బయోస్. డిస్క్ తిరుగుతోంది, బయోస్‌లో పేరూ సైజూ సరిగ్గా కనపడుతున్నాయి అంటే హార్డ్‌వేర్ చాలామటుకు బతికే ఉంది. పేరు వింతగా ఉన్నా, సైజు సున్నా అని వచ్చినా, డిస్క్ తన సొంత సాఫ్ట్‌వేర్‌ని తానే చదువుకోలేకపోతోందన్నమాట. అవును, ప్రతి డిస్క్‌లోనూ ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది, అందులో ఒక ప్రోగ్రామ్ ఉంటుంది. ఆ ప్రోగ్రామ్‌ని రాసింది మనలాంటివాళ్ళే. కాబట్టి దానిలోనూ బగ్గులుంటాయి.

సాఫ్ట్‌వేర్‌వాళ్ళం కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. 2008 చివర్లో సీగేట్ కంపెనీ బారాకుడా 7200.11 డిస్కులు ఉన్నట్టుండి బయోస్‌కి కనపడటం మానేశాయి. నిన్న రాత్రి శుభ్రంగా పని చేసిన డిస్క్, పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే మాయం. లోపల డేటా చెక్కుచెదరలేదు, హెడ్లు బాగున్నాయి, మోటారు తిరుగుతోంది. తప్పు ఫర్మ్‌వేర్‌లో ఉంది. డిస్క్ తన దినచర్య రాసుకునే లాగ్ ఒకానొక లెక్క దగ్గర ఉన్నప్పుడు కరెంటు తీసి మళ్ళీ ఇస్తే, అది "బిజీ" అనే స్థితిలోకి వెళ్ళి ఇక అందులోంచి బయటికి రాదు. 2009 జనవరిలో కంపెనీ ఒప్పుకుని కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేసింది. ఆ మొదటి విడుదల కొన్ని 500 గిగాబైట్ల డిస్కుల్ని ఇంకా పాడు చేయడంతో దాన్ని వెనక్కి తీసుకుని మళ్ళీ ఇంకోటి ఇచ్చారు. చిక్కుకున్నవాళ్ళకి ఉచితంగా డేటా తీసిచ్చే ఏర్పాటూ చేశారు. ప్రొడక్షన్‌లో హాట్‌ఫిక్స్ పెట్టి, ఆ హాట్‌ఫిక్స్‌కి ఇంకో హాట్‌ఫిక్స్ పెట్టిన అనుభవం ఉన్నవాళ్ళు ఇది చదివి నవ్వుకోవచ్చు, లేదా ఒక నిట్టూర్పు విడవచ్చు.

ఇంతకంటే ముచ్చటైనది 2019 నవంబరులో బయటపడింది. హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ వాళ్ళు తమ సర్వర్లలో వాడే కొన్ని ఎస్ఎస్‌డీల గురించి హెచ్చరిక జారీ చేశారు. ఫర్మ్‌వేర్ మార్చకపోతే అవి సరిగ్గా 32,768 గంటలు పని చేశాక చచ్చిపోతాయి. డేటాతో సహా. ఈ అంకె చూడగానే మీకు నవ్వొచ్చి ఉండాలి. రెండుని పదిహేనుసార్లు హెచ్చించండి. గంటలు లెక్కపెట్టే వేరియబుల్ కాస్తా 16 బిట్ల సైన్డ్ ఇంటిజర్ అయ్యుంటుందని ఊహించడానికి మాస్టర్స్ డిగ్రీ అక్కరలేదు. 32,768 గంటలంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. అసలు ప్రమాదం ఏమిటంటే, ఒక సర్వర్‌లో ఎనిమిది డిస్కులు ఒకేరోజు బిగిస్తే ఎనిమిదీ దాదాపు ఒకే గంటలో పోతాయి. అప్పుడు రెయిడ్ ఏం కాపాడుతుంది? 2020 మార్చిలో ఇలాంటిదే ఇంకో హెచ్చరిక వచ్చింది, ఈసారి 40,000 గంటలు.

మూడో మెట్టు విండోస్. నిజానికి ఎక్కువ డేటా పోయేది ఇక్కడే, అదీ డిస్క్ తప్పు వల్ల కాదు, మనిషి తొందర వల్ల. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే చాలాసార్లు డిస్క్ అక్కడే నిక్షేపంలా ఉంటుంది. ఆఫీసు వీపీఎన్ కలిపినప్పుడు నెట్‌వర్క్ డ్రైవ్ ఒకటి ఎఫ్ అక్షరం ఎత్తుకుపోయి ఉంటుంది, మీ డిస్క్‌కి అక్షరం లేకుండా పోతుంది. ఇంకో అక్షరం ఇస్తే సరి. లేదా అది ఇంకో డిస్క్‌కి అచ్చు నకలు అయ్యుంటుంది. రెండిటికీ ఒకే సంతకం ఉంటే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. మ్యాక్‌లోనో లినక్స్‌లోనో ఫార్మాట్ చేసిన డిస్క్ అయితే విండోస్‌కి ఆ భాష రాదు. రాదని ఊరుకోకుండా "ఫార్మాట్ చెయ్యమంటారా" అని మర్యాదగా అడుగుతుంది. మనవాళ్ళూ అంతే మర్యాదగా "ఓకే" నొక్కుతారు.

ఆ కిటికీలో వచ్చే రెండు ప్రశ్నలకీ తేడా తెలుసుకోవాలి. "ఇనీషియలైజ్" అంటే డిస్క్ మొదట్లో కొత్త విషయసూచిక రాస్తుంది. లోపలి పుటలు అలాగే ఉంటాయి, టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాత సూచికని చాలావరకు వెతికి తేవచ్చు. "క్విక్ ఫార్మాట్" దానికంటే చెడ్డది, అయినా ఆశ ఉంటుంది. క్విక్ అన్న టిక్కు తీసేసి ఫార్మాట్ చేస్తే మాత్రం, విస్టా నుంచి ఇప్పటిదాకా వచ్చిన విండోస్‌లన్నీ డిస్క్ మొత్తం సున్నాలు రాస్తాయి. ఆ తర్వాత ఏ దేవుడూ ఏమీ చెయ్యలేడు. చెక్‌డిస్క్ గురించి కూడా ఒక మాట. అది మంచి డిస్క్ మీద చెడిన ఫైల్ సిస్టంని బాగుచెయ్యడానికి పుట్టింది. చెడిన డిస్క్ మీద దాన్ని తోలడం, గుండెపోటు వచ్చినవాణ్ణి ట్రెడ్‌మిల్ ఎక్కించడమే.

ఒక వింత లక్షణం గురించి చెప్పి ముందుకెళ్తాను. మీ 3 టెరాబైట్ల డిస్క్ పాత యూఎస్‌బీ డాక్‌లో పెడితే 746 గిగాబైట్లు అని చూపిస్తోందా? డిస్క్‌కి ఏ రోగమూ లేదు. 512 బైట్ల సెక్టర్లని 32 బిట్లతో లెక్కపెట్టే డాక్ అది. 2.2 టెరాబైట్ల దగ్గర లెక్క మళ్ళీ సున్నాకొచ్చి, మిగిలింది చూపిస్తోంది. ఊళ్ళో నాన్నగారి పాత ఎక్స్‌పీ మెషీన్‌కి పెద్ద డిస్క్ పంపాలనుకునేవాళ్ళకీ ఇదే గోడ అడ్డం వస్తుంది. దానికి ముందు తరంలో 28 బిట్ల దగ్గర, అంటే 137 గిగాబైట్ల దగ్గర, ఇలాంటి గోడే ఉండేది.

ఇప్పుడొక కేసు చెప్తాను. మా వైపు ఉండే ఒక పెద్దాయన, తెనాలి నుంచి వచ్చి పాతికేళ్ళయింది, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చారు. అందులో పోయినవాళ్ళమ్మగారి గొంతు ఉంది. ఆవిడ పాడిన మంగళహారతులు, మనవలకి చెప్పిన కథలు, పద్నాలుగు క్యాసెట్లు. 2009లో ఇండియా వెళ్ళినప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించి తెచ్చుకున్నారు. క్యాసెట్లు తర్వాత అక్కడ వానలో తడిసి బూజుపట్టాయట. నా ప్రశ్నకి ఆయన ఒక నిమిషం మౌనంగా ఉండిపోయారు.

"ఏం జరిగిందండీ?"

"ఏం లేదు బాబూ. దాని అడాప్టర్ ఎక్కడో పడేశాం. మావాడి లాప్‌టాప్ చార్జర్ పిన్ను సరిపోయింది. పెట్టాం. లైటు ఒకసారి వెలిగి ఆరిపోయింది."

డిస్క్‌కి కావలసింది 12 వోల్టులు, లాప్‌టాప్ చార్జర్ ఇచ్చింది 19. పిన్ను సరిపోయినంత మాత్రాన వోల్టు సరిపోదు కదా. డబ్బాలోని చిన్న బోర్డు ఎలాగూ పోయింది. డిస్క్‌ని బయటికి తీసి డెస్క్‌టాప్‌కి తగిలిస్తే, డిస్క్ సరే, డెస్క్‌టాపే ఆన్ కాలేదు. ఊడదీస్తే ఆన్ అయింది. ఇది వినడానికి భయంగా ఉంటుంది గానీ నిజానికి శుభవార్త. డిస్క్ బోర్డు మీద కరెంటు వచ్చే చోట టీవీఎస్ డయోడ్ అనే చిన్న కాపలాదారుడు ఉంటాడు, ఒకడు 5 వోల్టుల దారిలో, ఇంకొకడు 12 వోల్టుల దారిలో. హద్దు మీరిన వోల్టేజ్ వస్తే వాడు తానే షార్ట్ అయిపోయి, వెనకాల ఉన్న చిప్పుల్ని కాపాడతాడు. పవర్ సప్లై ఆ షార్ట్‌ని చూసి ఆగిపోతుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే 12 వోల్టుల డయోడ్ దగ్గర దాదాపు సున్నా ఓములు చూపించింది. 5 వోల్టులది బాగానే ఉంది.

ఆ డయోడ్‌ని తీసేస్తే డిస్క్ మామూలుగా పని చెయ్యగలదు, కాపలా లేకుండా. కాబట్టి మంచి పవర్ సప్లై మీదే, అదీ డేటా తీసుకునేంతవరకే నడపాలి. ఈ సంగతి ఆయనకి వివరంగా చెప్పాను. లేబొరేటరీకి ఇస్తే ఎంతవుతుందో, నేను చేస్తే ఏం తప్పిపోవచ్చో కూడా చెప్పాను. "నువ్వే చెయ్యి బాబూ" అన్నారు. కాలేజీ రోజుల నుంచి సోల్డరింగ్ అలవాటుంది కాబట్టి తీశాను. డిస్క్ తిరిగింది.

తిరిగింది కదా అని ఫోల్డర్లు తెరిచి పాటలు వినడం మొదలుపెట్టలేదు. లినక్స్‌లో బూట్ చేసి, జీఎన్‌యూ డీడీరెస్క్యూతో డిస్క్ మొత్తాన్ని ఇంకో కొత్త డిస్క్‌కి నకలు తీశాను. మామూలు కాపీ చెడ్డ సెక్టర్ దగ్గర మొండికేసి తల బాదుకుంటూ కూచుంటుంది. డీడీరెస్క్యూ అలా చెయ్యదు. సులభంగా వచ్చేదంతా ముందు తీసేసుకుని, రానివాటిని ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుని, తర్వాత తీరిగ్గా వాటి దగ్గరికి వెళ్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆపిన చోటి నుంచే మొదలవుతుంది. రాత్రంతా నడిచింది. చివరికి రాకుండా మిగిలింది మూడు మెగాబైట్లలోపే. ఒక హారతిలో రెండుచోట్ల గొంతు తెగుతుంది, అంతే. ఆయన అది విని, "అక్కడ అమ్మ ఎలాగూ దగ్గేది" అన్నారు.

అన్ని కేసులూ ఇలా ముగియవు. ఒక మిత్రుడి లాప్‌టాప్ మదర్‌బోర్డు పోయింది. ఎస్ఎస్‌డీ బయటికి తీసి యూఎస్‌బీ డబ్బాలో పెడితే వెంటనే కనపడింది, సైజు సరిగ్గా ఉంది. తెరవబోతే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగింది. తను ఏనాడూ బిట్‌లాకర్ పెట్టలేదని ఒట్టేశాడు. నిజమే, పెట్టక్కరలేదు. చాలా కొత్త మెషీన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది, కీ ఆ అకౌంట్లో దాక్కుంటుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2తో ఇది ఇంకా విస్తరించింది. అతను ఆ అకౌంట్ తెరిచింది చదువుకునే రోజుల్లోని కాలేజీ మెయిల్‌తో. ఆ మెయిల్ మూతబడి చాలాకాలమైంది. ఎంత తిప్పలు పడ్డా కీ దొరకలేదు. వాళ్ళ పాప పుట్టిన మొదటి ఏడాది ఫోటోలు అందులోనే ఉన్నాయి. డిస్క్‌కి ఏ లోపమూ లేదు. ఇప్పటికీ కనపడుతుంది. ఇది చదవడం ఆపి మీ లాప్‌టాప్ రికవరీ కీ ఎక్కడుందో చూసుకుని వచ్చినా నేనేమీ అనుకోను.

ఇదే కోవలోది ఇంకోటి. కొన్ని ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో డబ్బాలోని బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, మీరు పాస్‌వర్డ్ పెట్టినా పెట్టకపోయినా. బోర్డు పోయిందని లోపలి డిస్క్ తీసి నేరుగా తగిలిస్తే అంతా చెత్తలా కనపడి, విండోస్ "ఇనీషియలైజ్ చెయ్యనా" అంటుంది. ఆ బోర్డుని పారెయ్యకండి. అలాగే, డిస్క్ కింది బోర్డు కాలిపోతే అదే మోడల్ బోర్డు ఇంకోటి కొని బిగిస్తే చాలన్నది పాతికేళ్ళ కిందటి మాట. ఇప్పుడు ప్రతి బోర్డు మీదా ఆ ఒక్క డిస్క్‌కి మాత్రమే సరిపోయే కొలతలున్న చిప్పు ఉంటుంది, దాన్నీ మార్చాలి. ఇక మూత విప్పడం అన్నది కలలోకి కూడా రానివ్వకండి. హెడ్డు పళ్ళెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో ఎగురుతుంది. దాని ముందు మన ఇంట్లో దుమ్ముకణం ఒక కొండ.

ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందన్న మాట మీరూ వినే ఉంటారు. ఈ ఊళ్ళో దానికి ఫ్రీజర్ దాకా అక్కరలేదు, జనవరిలో కారులో వదిలేస్తే చాలు! చల్లబడిన డిస్క్‌ని వెచ్చటి ఇంట్లోకి తెస్తే దానిమీద తేమ పేరుకుంటుంది. అప్పుడు కరెంటిస్తే ఏమవుతుందో చెప్పక్కరలేదు. చలికాలంలో పియర్సన్ నుంచి ఇంటికొచ్చిన సూట్‌కేసులోని డిస్క్‌ని కవర్లోనే ఉంచి, రెండు మూడు గంటలాగి తగిలించండి. హీటర్ల వల్ల ఇళ్ళల్లో గాలి పొడిబారి, తలుపు గడియ ముట్టుకున్నా చిటుక్కుమంటుంది కదా, డిస్క్ బోర్డు ముట్టుకునే ముందు కంప్యూటర్ ఇనప డబ్బాని ఒకసారి తాకండి.

ఇక్కడివాళ్ళకి ఇంకో పెద్ద శత్రువు బేస్‌మెంట్. 2013 జూలై 8న పియర్సన్ విమానాశ్రయం దగ్గర ఒక్కరోజులో 126 మిల్లీమీటర్ల వాన పడింది. 2024 జూలైలో మళ్ళీ అలాంటి వానే పడి ఈ చుట్టుపక్కల బేస్‌మెంట్లు మునిగాయి. మనవాళ్ళ సర్వర్లు, పాత డెస్క్‌టాప్‌లు, బ్యాకప్ డిస్కులు ఎక్కడుంటాయి? బేస్‌మెంట్లోనే, నేలమీదే, బియ్యం బస్తా పక్కనే. తడిసిన డిస్క్‌కి కరెంటివ్వకండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి, ఆ బియ్యంలోనూ పెట్టకండి. ఎండిన బురద పళ్ళేనికి అంటుకుపోతుంది. తడిగానే గాలి చొరని సంచిలో పెట్టి లేబొరేటరీకి ఇవ్వండి. ఖర్చు వందల డాలర్లతో మొదలై వేలల్లోకి పోవచ్చు. ముందు చూసి ధర చెప్పి, డేటా వస్తేనే డబ్బు తీసుకునేవాళ్ళని ఎంచుకోండి.

డిస్క్ పోయేముందు స్మార్ట్ చెప్తుంది కదా అంటారు కొందరు. చెప్తే వినాలి. 5, 197, 198 అంకెల గళ్ళు పెరుగుతుంటే డిస్క్ మార్చెయ్యాలి. 199 పెరుగుతుంటే తప్పు కేబుల్‌ది. కానీ గూగుల్ ఇంజనీర్లు లక్షకి పైగా డిస్కుల్ని పరిశీలించి 2007లో ప్రచురించిన పరిశోధనా పత్రం ప్రకారం, చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా, 56 శాతం, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచనల్లో ఒక్కటీ ఇవ్వకుండానే పోయాయి.

తెనాలి పెద్దాయన డేటా ఇప్పుడు మూడుచోట్ల ఉంది: ఆయన దగ్గర ఒక డిస్క్, హైదరాబాదులో చెల్లెలి దగ్గర ఒక పెన్ డ్రైవ్, క్లౌడ్‌లో ఒక ప్రతి. డయోడ్ తీసేసిన పాత డిస్క్‌ని పీల్ రీజియన్ రీసైక్లింగ్ కేంద్రంలో ఇచ్చేద్దామా అని అడిగాను. అక్కడ ఎలక్ట్రానిక్ సామాన్లు తీసుకుంటారు, ముందు డిస్క్ తుడిచి ఇవ్వాలంతే. ఆయన ఒప్పుకోలేదు. దేవుడి గదిలో అలమార కింద అరలో పెట్టుకున్నారు. 19 వోల్టుల చార్జర్‌ని మాత్రం ఆ ఇంట్లో ఇప్పుడు విడిగా ఎర్ర టేపు చుట్టి ఉంచుతున్నారు.